ప్లేట్లకు బదులు కంటబడని నాణెము

హనుమకొండలో, వేయిస్తంభాల గుడికి కూతవేటు దూరమున నున్న ఒక పాత పెంకుటింటిలో, గోడ పొడవునను నిలిపిన టేకు అలమరలలో రెండు వేలకు పైబడిన గ్రామఫోను ప్లేట్లను నలుబది యేండ్లుగా కాపాడుకొనుచు వచ్చిన పెద్దమనిషి యొకరు, బడిపంతులు కొలువు చాలించి చాలకాలమైన వారు, నాకు ఆప్తులు, మొన్న నొక ఆదివారము నన్ను పిలిపించి, చాయ చేతికిచ్చి, తమ సేకరణ నంతయు నొక్క బేరముగా కొనుటకు బెంగళూరునుండి ఒక యువకుడు ముందుకు వచ్చినాడనియు, సొమ్ము మాత్రము రూపాయలలో గాక క్రిప్టోలో నిచ్చెద ననుచున్నాడనియు చెప్పిరి. పిల్లలు అమెరికాలో నున్నారు. ఇల్లు కూల్చి అపార్టుమెంటు కట్టు బిల్డరుతో మాట యైనది. అమ్మవలయునా వలదా యను విచారము ఎప్పుడో ముగిసినది. వారి సందేహము వేరు. "పాట కంటికి కానరాదు, ఈ పైస గూడ కంటికి కానరాదు. కానరానిదానికి కానరానిదే ఇస్తనంటున్నడు. దీంట్ల తప్పేమున్నదయ్యా?" అని యడిగిరి. నేను నవ్వి యూరకుంటిని. ఇల్లు చేరిన పిమ్మట గాని జవాబు తోచలేదు; తోచినదానిని మరల వెళ్లి వారికి చెప్పితిని.

వారమ్ముచున్నది పాట కాదు. పాట నేడెవ్వరును వెలపెట్టి కొనవలసిన వస్తువు కాదు; ఎవని జేబులోని ఫోనునందైనను అది అడిగిన తోడనే పలుకుచున్నది. అమ్ముచున్నది ప్లేటు. ప్లేటనగా బరువు గలది, పగులునది, ఎండ తగిలిన వంకర పోవునది, వానకాలమున బూజు పట్టునది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత ప్లేట్లు లక్కతో చేసినవి. హోళీనాడు మన పల్లెలలో రంగు తీయుటకు పూలు కోసికొను మోదుగ యున్నదే, ఆ మోదుగ కొమ్మలపైనను రేగు కొమ్మలపైనను లక్కపురుగు కూర్చిన జిగురే, రాతిపొడియు మసియు కలిసి, బిళ్లగా అచ్చయి, రాగతాళములను మోసినది. 1902లో గ్రామఫోను కంపెనీవారి గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ గొంతును పట్టిన నాటినుండి, 1960ల చివర వరకును, మన దేశమున ఈ లక్క ప్లేటు బ్రతికినది. అమెరికాలో 1948ననే వినైల్‌తో చేసిన ఎల్పీ పుట్టి, మూడు నిమిషముల పాటను ఇరువది నిమిషములకు పైగా సాగదీసినను, మన యిండ్లకు అది చేరుటకు చాల యేండ్లు పట్టెను.

ఆ పెద్దమనిషి ప్లేటును అట్టలోనుండి తీయు తీరు చూడదగినది. బొటనవ్రేలు అంచునకు, తక్కిన వ్రేళ్లు నడుమనున్న కాగితపు చీటికి ఆనించి, గాడులకు చేయి తగులనీయక, కిటికీవైపు త్రిప్పి వెలుగులో నొకమారు వాలుగా చూతురు. గీతలున్నచో అక్కడనే తెలియును. ఆపైన ముల్లు మార్చుదురు. లక్క ప్లేటునకు ఉక్కుముల్లు, పక్క కొకటి. ఆ నియమమును వారెన్నడును తప్పలేదు. ఆనాడు నాకు వినిపించినది పేరు మోసిన పాట కాదు, రంగస్థలముపై హార్మోనియము మ్రోగుచుండగా నొక నటుడు గొంతెత్తి చదివిన పౌరాణిక పద్యము. చీటిపైని పేరు సగము చెరిగిపోయినది. ఏ ఫోనులోను ఏ యంతర్జాలములోను ఆ గొంతు తనకు దొరకలేదని వారనిరి.

ఇందొక చిత్రమున్నది. వెలల మాటకు వచ్చినచో, మనము పూజించునవి చవుక, మనకు తెలియనివి ఖరీదు. 1963లో వెలువడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతము, ఘంటసాల 1974లో కన్నుమూయుటకు కొలదికాలము ముందు పాడిన భగవద్గీత, 1980నాటి శంకరాభరణం పాటలు, ఇవి యింటింట నుండెను గనుక ప్లేటుగా వీనికి పెద్ద వెల పలుకదు. ఎన్ని ప్రతులు అచ్చైనవో తెలియని, ఎవరును దాచుకొనని నాటక పద్యపు ప్లేటునకై మాత్రము సేకర్తలు పోటీపడుదురు. ఈ తారతమ్యము తెలిసినవాడే అమ్మగలడు, కొనగలడు. బొబ్బిలి రాజవంశీకులును, మదరాసున నివసించి నలువది వేలకు పైగా ప్లేట్లు కూడబెట్టి లిమ్కా రికార్డుల పుస్తకమున కెక్కిన వారును అగు వి.ఎ.కె. రంగారావుగారి ఘనత ప్లేట్ల సంఖ్యలో లేదు. పాడినదెవరో, వ్రాసినదెవరో, చీటిపై తప్పు పడినదెక్కడో వారు చెప్పగలిగిరి. ఆ యెరుక లేని సేకరణ పాత సామానువాని త్రాసునకు తగినది.

ఇక నాణెము సంగతి. కంటబడని సొమ్మని దానిని ఈసడించుట నాకిష్టము లేదు. ఓరుగల్లువారికి రెండు నాణెముల నడుమ బ్రతుకుట క్రొత్త కాదు. మా తాతల కాలమున ఇక్కడి బజారులో చెల్లునది నిజాముగారి హాలీ సిక్కా. మదరాసునుండియో బెజవాడనుండియో సరకు తెప్పించుకొను వర్తకుడు లెక్కింపవలసినది ఆంగ్లేయుల కల్దారు రూపాయ. నూరు కల్దారులకు నూటపదునారు హాలీలు, పైన కొంత చిల్లర. మన నూటపదునారుల ఆచారము ఈ మారకమునుండియే వచ్చినదని చెప్పువారున్నారు. అది నిజమైనను కాకున్నను వినసొంపుగా నున్నది. రెండు నాణెములును రెండు ప్రభుత్వముల ముద్రలు మోసినవి. వాని నడుమ వెల స్థిరమై యుండెను. ప్రొద్దున నొక లెక్క, రాత్రికి నొక లెక్క కాలేదు.

క్రిప్టో అట్టిది కాదు. ఆ నాణెములలో నొకటగు బిట్‌కాయిన్ 2021 నవంబరులో దాదాపు 69,000 డాలర్లు పలికి, సరిగా ఏడాదికి 16,000 డాలర్లకు దిగువన పడినది. ఆ తరువాత మరల లేచినది. ఇట్టి నాణెముతో బేరము కుదుర్చుకొని, రెండు వేల ప్లేట్లను గుడ్డలు చుట్టి, అట్టపెట్టెలలో నించి, లారీ కెక్కించునంతలో ఆ వెల యేమగునో ఎవడెరుగును? దీనికి యువకుని జవాబు సిద్ధముగానే యున్నదట: డాలరుతో ముడివడిన నాణెములు కూడ కలవు, అట్టిదే యిచ్చెదనని. సరే, ఒడుదొడుకుల గోల దానితో కొంత తీరుననుకొందము. నా అసలు అభ్యంతరము అది కాదు.

కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమును మన చరిత్రకారులు తరచుగా తలతురు. అంతకు ముందు రాజులు, గాలివానకు చెదరి యొడ్డున పడిన ఓడలలోని సరకు నంతయు బలిమిని లాగుకొనుచుండగా, తాను నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొననని ఆ చక్రవర్తి పరదేశ వర్తకులకు అభయమిచ్చెను. ఆ శాసనమున నాకు నచ్చినది దాని దయాగుణము కంటె దాని యెరుక. వర్తకమునందు అన్నిటికన్న పెద్ద ప్రశ్న, త్రోవలో పగిలిన సరకునకు దిక్కెవరు అనునదేయని ఓరుగల్లు కోటలో కూర్చున్న రాజు ఎరిగియుండెను.

ప్లేట్ల బేరమును ఈ ప్రశ్న ముందు నిలిపి చూడుడు. లక్క ప్లేటు పెట్టెలో ఏ మాత్రము ఒరిగినను గమ్యము చేరునప్పటికి రెండు ముక్కలగును. ముక్క కానిది కూడ చెవితో విన్నగాని దాని గుణము తెలియదు. అమ్మినవాడు "బాగున్నది" అన్నది కొన్నవాని చెవికి గరగర యని వినబడవచ్చును. అనగా ఈ వ్యాపారమున సరకు చేరిన పిమ్మటనే మాటలు మొదలగును: కొంత తిరిగి యిచ్చుట, కొంత తగ్గించుకొనుట, ఒక పెట్టె వెనుకకు పంపుట. సరకు ఇట్టిది, దానికి బదులుగా వచ్చు నాణెమో, ఒకమారు చేయి మారినచో వెనుకకు రానిది. అది దాని లోపమని నేననను. 2008లో సతోషి నాకమోటో అను మారుపేరుతో వెలువడిన తొమ్మిది పుటల పత్రముననే, మరలింపరాని చెల్లింపు అమ్మువానిని మోసమునుండి కాపాడునని వ్రాసియున్నది. కొనువాని రక్షణకు మధ్యవర్తి కడ సొమ్ము నిలుపు ఏర్పాటు చేసికొనవచ్చునని కూడ ఉన్నది. మంచిదే. కాని ఆ మధ్యవర్తికి గీత పడిన ప్లేటునకును అరిగిన ప్లేటునకును భేదము తెలియవలెను గదా! అట్టి చెవి గలవారు మన రాష్ట్రమున ఎందరున్నారు?

పోనీ, మా పెద్దమనిషి నిజాయితీపరులు, ఒక పెట్టె పగిలినదని ఆ యువకుడు ఆరు నెలలకు ఫోను చేసిన సొమ్ము తిరిగి యిచ్చెదమనువారే యనుకొందము. ఏమి యివ్వవలెను? పుచ్చుకొన్న నాణెములనా, పుచ్చుకొన్న నాటి వెలనా, ఇచ్చునాటి వెలనా? నాణెము రెట్టింపైయున్నచో అతడు నాణెమే యడుగును, సగమైనచో రూపాయలడుగును. ఇద్దరును ధర్మాత్ములైనను తగవు తప్పదు.

ప్రభుత్వము వైపునుండి చూచినను ఈ బేరము ముసలివారికి తగినది కాదు. రిజర్వు బ్యాంకు 2018లో బ్యాంకులను ఈ వ్యవహారమునకు దూరముగా నుంచినది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసినది. 2022లో పన్ను వచ్చినది. పన్ను వేసిరే గాని నాణెమని యొప్పుకొనలేదు. వర్చువల్ డిజిటల్ ఆస్తి యని పేరిడిరి. లాభముపై నూటికి ముప్పది. నష్టము వచ్చినచో దానిని మరియొక నాణెపు లాభములో గూడ తగ్గించుకొనరాదు. మోటుపల్లిలో గణపతిదేవుడు గైకొన్నది సరకుపై ముప్పదింట నొక వంతు. ముప్పది యను సంఖ్య మాత్రము ఏడు వందల యెనుబది యేండ్లుగా మన పాలకులను విడువలేదు! ఇవి గాక, చేయి మారినప్పుడెల్ల నూటికొకటి కోత యున్నది. దీని విడ్డూర మేమనగా, నాణెమునకు బదులుగా రొక్కము గాక వస్తువునే యిచ్చినప్పుడు, ఏటికి 50,000 రూపాయలు దాటిన బేరమున, ఆ కోత చెల్లినదో లేదో వస్తువు నిచ్చువాడే దానిని చేయి విడుచుటకు ముందు విచారించుకొనవలెను. అనగా బెంగళూరు పిల్లవాని పన్నునకు హనుమకొండ పంతులుగారు పూచీ. ఈ మాట చెప్పినప్పుడు వారి ముఖము చూచిన, గృహపాఠము వ్రాయని పిల్లవానిది వలె నుండెను.

తాళముల సంగతియు నొకటి. ఆ నాణెములను తామే దాచుకొనదలచినచో పండ్రెండో, ఇరువదినాలుగో ఆంగ్లపదములను వరుస తప్పక వ్రాసి భద్రపరచవలెను. ఆ కాగితము పోయినచో సొమ్ము పోయినట్లే, దొరికినవానిదే సొమ్ము. ఎక్స్‌చేంజి కడ నుంచినచో 2024 జూలై 18న వజీర్‌ఎక్స్‌లో జరిగినది మరువరాదు: ఇరువది మూడు కోట్ల డాలర్ల పైచిలుకు దొంగలపాలై, ఖాతాదారులు తమ సొమ్ము ముట్టుటకు ఏడాదికి పైగా వేచియుండిరి. అలమరలోని ప్లేట్లు తండ్రి పోయిన మరునాడు కూడ పిల్లల కంటికి కనబడును. పంచాంగములో మడచి పెట్టిన పండ్రెండు మాటలు పాతకాగితములవానికి పోవును.

కనుక నేను వారికి చెప్పినది ఇది. అమ్ముడు. బెంగళూరువానికే అమ్ముడు, కొనువాడు కుర్రవాడగుట మంచిది, ప్లేట్లు ఇంకొక నలుబది యేండ్లు బ్రతుకును. అమెరికాలో 2022లో, 1987 తరువాత మొదటిసారిగా, సీడీల కంటె వినైల్ ప్లేట్లు ఎక్కువ అమ్ముడుపోయినవన్నచో, కొనుచున్నది ముసలివారు కారు. కాని వెల రూపాయలలో, బ్యాంకులో. అతని కడ క్రిప్టో యున్నచో అతడే దానిని మార్చుకొని రూపాయలు తెచ్చుకొనవలెను. ఆ నాణెపు నిప్పును దానితో ఆడుకొన నేర్చినవాని చేతనే యుండనిండు. అతడు స్వయముగా కాజీపేటలో రైలు దిగి, ఇక్కడ కూర్చుండి విని, ఏరుకొని, తన పెట్టెలలో తానే సర్దుకొని పోవలెను. అప్పుడు పగులు ఎవరిదను ప్రశ్న గడప దాటకమునుపే తీరును.

రెండవది, ఒక్క ప్లేటైనను ఇల్లు విడుచుటకు ముందు పట్టిక వ్రాయవలెను, దొరకని వాని ధ్వనిని కంప్యూటరులోనికి ఎక్కింపవలెను. మన చట్టమున ధ్వనిముద్రణపై హక్కు, వెలువడిన మరుసటి యేడాదినుండి అరువది యేండ్లు. కావున 1957నాటి మాయాబజార్ ప్లేట్ల ధ్వనిముద్రణకు గూడ ఆ గడువు తీరినది. పాట వ్రాసినవారి హక్కు, స్వరపరచినవారి హక్కు వేరుగా నుండునన్నది నిజమే; అయినను, పేరు చెరిగిన నాటకపు నటుని పద్యము నొక ప్రతి తీసి గ్రంథాలయమున నుంచుటకు చొరవ కావలెను గాని ధనము కాదు. 1904లో హనుమకొండలో నెలకొన్న శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఉన్న యూరిలో, తెలుగు పుస్తకమునకు దొరికిన నీడ తెలుగు గొంతునకు దొరకకుండుట నాకు బొత్తిగా నచ్చదు. కాకతీయ విశ్వవిద్యాలయమువారైనను ఒక గది యివ్వరాదా? ప్లేట్లను కొనుమని యడుగుట లేదు. పోవుచున్న వాని ప్రతిధ్వనిని పట్టి యుంచుమని మాత్రమే.

వారు తలయూచి, నలువది పుటల నోటుపుస్తకమొకటి తెప్పించిరి. స్కేలుతో గీతలు గీసి, క్రమసంఖ్య, కంపెనీ, పాడినవారు, ప్లేటు స్థితి అని బడి హాజరుపట్టిక వలె నిలువు గళ్లు చేసిరి. స్థితి యను గడి నింపవలెనన్న ప్రతి ప్లేటును వినవలెను గదా. ఆ పూట నేను లేచి వచ్చునప్పటికి దీపములు పెట్టు వేళయైనది. పుస్తకములో క్రమసంఖ్య పదునొకటి వద్ద నుండెను, పదునొకండవ దానిని వారు రెండవమారు పెట్టుచుండిరి.