బీరువాలో పట్టా ఉంది... మరి ఓటు?

మన ఇళ్లల్లో ఆడవాళ్ల డిగ్రీ పట్టా ఎక్కడుంటుంది? బీరువాలో పట్టుచీరల అడుగున ఉంటుంది. లేదా పుట్టింట్లో, అమ్మ ట్రంకు పెట్టెలో పాత పెళ్లి శుభలేఖల మధ్య ఉంటుంది. పెళ్లిచూపుల నాడు ‘మా అమ్మాయి బీకాం చదివిందండీ’ అని చెప్పుకోవడానికి ఒకసారి పనికొచ్చింది. ఉద్యోగంలో చేరినవాళ్లకు ఇంకోసారి పనికొచ్చింది. చేరనివాళ్లు మళ్లీ దాని మొహం చూసింది లేదు.

ఆ కాగితానికి ఇంకో విలువ కూడా ఉంది. శాసనమండలిలో పట్టభద్రుల స్థానానికి ఎన్నిక జరిగినప్పుడు ఓటు వేసే హక్కు ఇచ్చేది ఆ పట్టాయే. ఆరేళ్లకోసారి వచ్చే ఆ హక్కును మనలో ఎంతమంది వాడుకుంటున్నాం?

2021 మార్చిలో తెలంగాణలో రెండు పట్టభద్రుల స్థానాలకు ఎన్నికలు జరిగాయి. మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ నియోజకవర్గంలో మొత్తం ఓటర్లు సుమారు 5 లక్షల 31 వేలు. అందులో మగవాళ్లు 3 లక్షల 36 వేలు. ఆడవాళ్లు 2 లక్షలు కూడా లేరు. వరంగల్-ఖమ్మం-నల్గొండలో 5 లక్షల పైచిలుకు ఓటర్లుంటే మహిళలు 1 లక్షా 73 వేల దాకా మాత్రమే. అంటే ముగ్గురిలో ఒక్కరు! 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న 4 కోట్ల 33 లక్షల మందిలో 2 కోట్ల 7 లక్షల మంది అమ్మాయిలే. తరగతి గదిలో దాదాపు సగం ఉన్నవాళ్లం, ఓటర్ల జాబితాకి వచ్చేసరికి మూడో వంతు ఎందుకయ్యాం?

పాత తరంలో చదువుకున్న ఆడవాళ్లు తక్కువ, నిజమే. 1951 జనాభా లెక్కల్లో అక్షరాలు వచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిది మంది. పట్టభద్రులకు విడిగా సీట్లు ఉండాలని రాజ్యాంగంలో రాసుకున్న రోజుల్లో డిగ్రీ చదివిన స్త్రీలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఆ తేడా అంతా అమ్మమ్మల కాలం మీదికి నెట్టేసి ఊరుకుందామా? మన వీధిలోనే చూడండి. డిగ్రీ చదివిన కోడళ్లు, కూతుళ్లు ఎంతమంది ఉన్నారు? వాళ్లలో ఈ ఓటుకి పేరు రాయించుకున్నవాళ్లు ఎంతమంది?

అసలు ఈ సభ సంగతి కొంచెం చెప్పుకుందాం. అసెంబ్లీకి పైన ఉండే సభ శాసనమండలి. పెద్దల సభ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 58 మంది, తెలంగాణలో 40 మంది సభ్యులు. మూడో వంతు సభ్యుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. ఇంకో మూడో వంతును స్థానిక సంస్థల ప్రతినిధులు ఎన్నుకుంటారు. పన్నెండో వంతు పట్టభద్రులది, పన్నెండో వంతు ఉపాధ్యాయులది. మిగిలినవాళ్లను గవర్నర్ నామినేట్ చేస్తారు. సభ్యుల పదవీకాలం ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. సామాన్యులు నేరుగా వెళ్లి ఓటు వేసే వీలున్నది పట్టభద్రుల, ఉపాధ్యాయుల స్థానాలకే.

మన తెలుగునాట ఈ సభది ఆటుపోట్ల కథ. 1958లో ఏర్పడింది. 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వ కాలంలో రద్దయింది. 2007లో మళ్లీ ప్రాణం పోసుకుంది. అంటే మధ్యలో 22 ఏళ్లు ఆ బ్యాలెట్ కాగితమే ఎవరూ చూడలేదు. సరిగ్గా ఆ 22 ఏళ్లలోనే మన ఊళ్లల్లో ఆడపిల్లలు గుంపులు గుంపులుగా కాలేజీల మెట్లెక్కారు. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆదివారం క్లాసులకెళ్లి డిగ్రీ తెచ్చుకున్న గృహిణులూ ఉన్నారు. వాళ్ల చేతికి పట్టా వచ్చిన నాటికి దానితో వేసే ఓటే లేదు. తిరిగి వచ్చాక ‘ఇదిగో, ఇది మీదీ’ అని ఇంటికొచ్చి చెప్పినవాళ్లూ లేరు.

ఇక అసలు చిక్కు. మామూలు ఓటర్ల జాబితాలో ఒకసారి పేరెక్కితే ఉంటుంది. ఈ జాబితా అలా కాదు. ప్రతి ఎన్నికకూ పాతది పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి రాస్తారు. క్రితంసారి ఓటేశాం కదా అని ధీమాగా కూర్చుంటే పేరు ఉండదు. ఎన్నికకు ముందు ప్రకటన వచ్చినప్పుడు ఫారం 18 నింపి, పట్టా చూపించి, మళ్లీ నమోదు చేయించుకోవాలి. టీచర్లకైతే ఫారం 19. అర్హతకు లెక్క చూసే తేదీ నవంబరు 1. ఆ తేదీకి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండి ఉండాలి.

ఆఫీసుల్లో, కాలేజీల్లో పనిచేసేవాళ్లకు ఇదేమంత కష్టం కాదు. సంస్థ అధిపతి తన సిబ్బంది దరఖాస్తులన్నీ కలిపి పంపొచ్చని నిబంధనలే చెబుతున్నాయి. గుమాస్తా ఫారాలు పంచుతాడు, సంతకం పెడితే చాలు. మరి గృహిణికి అధిపతి ఎవరు? ఆమె ఫారం ఎవరు పంచుతారు? ఇంట్లో కుట్టుపని చేసుకునే బీఏకు, దుకాణంలో కూర్చునే బీకాంకు, పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఎమ్మెస్సీకి ఈ కబురు చేరేసరికి గడువు దాటిపోతుంది.

పైగా ఆడవాళ్లకి మాత్రమే ఉండే తిప్పలు కొన్ని ఉన్నాయి. పట్టా మీద పుట్టింటి ఇంటిపేరు, ఓటరు కార్డు మీద అత్తింటి ఇంటిపేరు. చదివింది గుంటూరులో, కాపురం కరీంనగర్లో. ‘మనకి ఇక్కడ చెల్లదేమో’ అని ఊరుకున్నవాళ్లు ఎంతమందో! చెల్లుతుంది. దేశంలో ఏ విశ్వవిద్యాలయంలో చదివినా సరే, ఇప్పుడు ఎక్కడ కాపురముంటే అక్కడే ఓటు. దూరవిద్యలో తెచ్చుకున్న డిగ్రీ కూడా డిగ్రీయే. పేర్లు వేరుగా ఉంటే ఆ రెండూ ఒకరివేనని చూపించే కాగితం ఒకటి దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఒకే ఇంట్లోవాళ్లవైతే ఒకరు వెళ్లి మిగతావాళ్ల దరఖాస్తులు కూడా ఇవ్వొచ్చు. అసలు పట్టాలు చూపించాలి, అంతే. కాబట్టి అయ్యగారు తన ఫారం పట్టుకుని బయల్దేరుతుంటే, ‘ఏమండీ, నాదో?’ అని గుమ్మం దగ్గరే అడగాలి. అడక్కపోతే ఆయనకు గుర్తు రాకపోవడంలో వింతేముంది!

పేరెక్కితే సగం పనే అయినట్టు. ఈ ఓటు వేసే తీరు వేరు. మీట నొక్కడం ఉండదు, గుర్తులు ఉండవు. కాగితం మీద అభ్యర్థుల పేర్లు, ఫొటోలు ఉంటాయి. 2021లో హైదరాబాద్ స్థానానికి 93 మంది పోటీ చేస్తే బ్యాలెట్ దినపత్రిక పేజీ అంత అయింది. అందులో నచ్చినవారి ఎదురుగా 1 అని అంకె వేయాలి. ఆ తర్వాత ఇష్టముంటే ఇంకొకరికి 2, మరొకరికి 3. పిల్లాణ్ణి కొట్టుకి పంపుతూ ‘కందిపప్పు తీసుకురా, లేకపోతే పెసరపప్పు, అదీ లేకపోతే శనగపప్పు’ అని చెప్తాం చూడండి, అచ్చం అలాగే. చెల్లిన ఓట్లలో సగం కన్నా ఒకటి ఎక్కువ వచ్చినవాళ్లు గెలుస్తారు. ఎవరికీ అన్ని రాకపోతే అందరికన్నా వెనకబడినవారిని తప్పించి, వాళ్లకి పడ్డ కాగితాల్లో రెండో అంకె ఎవరికుందో చూసి వాళ్లకి కలుపుతారు. ఇలా తేలేదాకా సాగుతుంది.

ఇంత చదివినవాళ్లకు 1 వేయడం రాదా అంటారా? లెక్కలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ 2021 హైదరాబాద్ ఎన్నికలో చెల్లని ఓట్లు 21 వేలకు పైనే. తొలి ప్రాధాన్య ఓట్లలో మొదటి ఇద్దరి మధ్య తేడా సుమారు 8 వేలు. 2025లో మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ పట్టభద్రుల ఎన్నికలో చెల్లనివి 28 వేలకు పైగా, మొదటి ఇద్దరి మధ్య తేడా 5 వేల పైచిలుకు. పాడైన ఓట్లు ఫలితాన్నే మార్చగలిగినన్ని ఉన్నాయన్నమాట! అక్షరం రానివాళ్లు వేలిముద్ర వేస్తారని వెక్కిరించే చదువరులం, మన ఓటు చెత్తబుట్టలో వేసి వస్తున్నాం.

అందుకే నాలుగు సంగతులు కొంగున ముడేసుకుందాం. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి, మన పర్సులో పెన్ను పనికిరాదు. అంకె మాత్రమే వేయాలి. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాయకూడదు, టిక్కు కొట్టకూడదు. 1 అనేది ఒక్కరికే, అది లేకపోతే మిగతా అంకెలన్నీ వృథా. కాగితం మీద సంతకం, పేరు, వేలిముద్ర ఏదీ ఉండకూడదు. బ్యాంకు కాగితాల మీద సంతకాలు పెట్టీ పెట్టీ అలవాటైన చెయ్యి, ఆ రోజు కాస్త ఆగాలి.

పట్టభద్రుల సంగతి అలా ఉంటే, మిగతా తలుపుల దగ్గర మన పరిస్థితేమిటి? ఉపాధ్యాయుల స్థానంలో ఓటు హైస్కూలు, ఆ పై స్థాయిలో గత ఆరేళ్లలో మూడేళ్లయినా బోధించినవాళ్లకే. ప్రాథమిక పాఠశాలలో పిల్లల చెయ్యి పట్టుకుని ‘అ ఆ’లు దిద్దించే టీచరమ్మకు ఆ ఓటు లేదు. డిగ్రీ ఉంటే పట్టభద్రురాలిగా వేసుకోవచ్చు. ఇటు హైస్కూలు టీచర్లకేమో, డిగ్రీ ఉంటుంది కాబట్టి రెండు చోట్లా ఓటు వస్తుంది.

స్థానిక సంస్థల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ సగం సీట్లు మహిళలకు కేటాయించాయి. ఎంపీటీసీ, జడ్పీటీసీ సభ్యులు, మునిసిపల్ కౌన్సిలర్లు, కార్పొరేటర్లే మండలిలో మూడో వంతు సభ్యుల్ని ఎన్నుకుంటారు కాబట్టి ఆ ఓటర్లలో సగం ఆడవాళ్లే కావాలి. కానీ ఎన్నికలొస్తే క్యాంపులు, బస్సులు, రిసార్టులు... ‘మేడమ్ ఓటు మాదేనండీ’ అని పక్కన భర్తగారు మాట ఇచ్చేయడం. అయితే ఒక్కటి మరచిపోకూడదు. ఆ తెర వెనక ఉండేది ఆమె, ఆ ఊదారంగు పెన్ను, అంతే. రహస్య ఓటు అని రాసింది అందుకే.

మరి పెద్దల సభలో పెద్దమ్మలకు చోటెంత? 2021లో హైదరాబాద్ పట్టభద్రుల స్థానం గెలిచింది సురభి వాణీదేవి. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ మండలి డిప్యూటీ చైర్‌పర్సన్‌గా జకియా ఖానమ్ ఎన్నికయ్యారు. సంతోషమే. కానీ 2023లో పార్లమెంటు ఆమోదించిన మహిళా రిజర్వేషన్ చట్టం లోక్‌సభకు, శాసనసభలకే వర్తిస్తుంది. రాజ్యసభ, శాసనమండళ్లు అందులో లేవు. ఇక్కడ మనకి ఎవరూ కుర్చీ అట్టేపెట్టరన్నమాట. పార్టీలు టిక్కెట్టు ఇవ్వాలి, లేకపోతే మన ఓట్లతో మనమే తెచ్చుకోవాలి. జాబితాలో మూడో వంతు ఉన్నవాళ్ల మాట ఏ పార్టీ వింటుంది? సగం ఉంటే అప్పుడు గుమ్మం ముందు నిలబడి అడుగుతారు.

‘అసలు ఆ మండలే దండగ, ఓడిపోయిన నాయకులకి పునరావాసం’ అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అసెంబ్లీ పంపిన బిల్లును మండలి కొన్నాళ్లు ఆపగలదే గాని పూర్తిగా కాదనలేదు. అయితే ఆ కాస్త ఆపడానికే 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఎంత కోపం వచ్చిందో చూశాం. మండలినే రద్దు చేయాలని అసెంబ్లీలో తీర్మానం చేశారు, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ఉండాలా వద్దా అనే వాదన సాగనీయండి. ఉన్నన్నాళ్లూ దాని ఖర్చు మనం కట్టే పన్నుల్లోంచే పోతుంది. ఖర్చులో వాటా ఉన్నప్పుడు ఎంపికలో వాటా వద్దనుకోవడం ఏం తెలివి?

అడగాల్సినవీ తక్కువేం లేవు. డిగ్రీ చేతబట్టుకుని ఏళ్ల తరబడి నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే ఆడపిల్లల సంగతేమిటి? ప్రైవేటు స్కూళ్లలో అరకొర జీతానికి పాఠాలు చెప్పే పంతులమ్మల మాటేమిటి? పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ఉద్యోగం చేయాలనుకునే చదువుకున్న తల్లికి దారేది? పట్టభద్రుల ప్రతినిధినని చెప్పుకునేవారిని పట్టభద్రురాలు కాక ఇంకెవరు నిలదీస్తారు?

ఈ రోజే ఒక పని చేద్దాం. ఆ బీరువా తెరిచి, చీరల అడుగున పట్టా ఉందో లేదో చూద్దాం. అమ్మ దగ్గరుంటే తెప్పించుకుందాం. పోయి ఉంటే నకలు కోసం విశ్వవిద్యాలయానికి రాద్దాం. దుమ్ము దులిపి, జిరాక్సు తీసి, పైకి కనిపించేలా పెట్టుకుందాం. పక్కింటావిడకి చెబుదాం, ఆడపడుచుకి చెబుదాం, కొత్త కోడలికి చెబుదాం. ప్రకటన పడినరోజు వెతుక్కునే పని ఉండకూడదు. కష్టపడి చదివింది మనం. ఆ చదువు తెచ్చిన ఓటు కూడా మనమే వేద్దాం... ఏమంటారు?