తండ్రులు తవ్విన బావులు

ఒక క్రిస్మస్ మాసంలో మేము కొందరం కలిసి పుంగనూరు దాటి లోపలికి ఒక చిన్న గ్రామానికి వెళ్లాం. ఊరి చివర కాలనీలో రేకుల కప్పు వేసిన ప్రార్థనా మందిరం. పాటలు పాడాం, వాక్యం చెప్పాం, దుప్పట్లు పంచాం, కేకు కోశాం, ఫొటోలు దిగాం. బయలుదేరే ముందు ఒక వృద్ధురాలు మాలో ఒకరి చెయ్యి పట్టుకుని, ‘సంతోసం నాయనా. మళ్లా క్రిస్మస్‌కేనా మీరు వచ్చేది?’ అని అడిగింది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. కానీ మదనపల్లె చేరేదాకా జీపులో మేమెవరం పెద్దగా మాట్లాడలేదు.

ఆ రోజు మందిరంలో కూర్చున్నవారు ఎక్కువగా స్త్రీలు, వృద్ధులు, చిన్న పిల్లలు. పడుచువాళ్లు ఏరని అడిగితే ఒకటే జవాబు, బెంగళూరు. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఏ పల్లెలో అడిగినా ఇదే వినిపిస్తుంది. కుప్పం స్టేషన్‌లో తెల్లవారక ముందే రైలెక్కి, బెంగళూరులో కూలి పని చేసి, రాత్రికి ఇల్లు చేరేవారున్నారు. పిల్లలు నిద్ర లేవకముందు వెళ్లి, నిద్రపోయాక వచ్చే తండ్రులు వాళ్లు. ఆదివారం ఆరాధనకు ఎందుకు రాలేదని వారిని మందలించే ముందు, వారానికి ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారో అడగాలి.

ఊళ్లో మిగిలినవారి బతుకు టమాటా మీద, వేరుశనగ మీద, పాడి ఆవు మీద నడుస్తుంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో టమాటా నూట యాభై రూపాయలు దాటితే దేశమంతా ఆశ్చర్యపోయింది. కోత కూలి, బండి బాడుగ కూడా రాక అదే పంటను రైతు రోడ్డు పక్కన పారబోసిన రోజులు ఎన్నో ఉన్నాయి. వాటిని చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇక నీళ్లంటారా, వెయ్యి అడుగులు దాటి బోరు దించినా తడి తగలని పొలాలున్నాయి. పక్క రైతు తొమ్మిది వందలకు వేస్తే ఇతను వెయ్యికి వేస్తాడు. నీళ్లు పడితే పక్కవాడి బోరు ఎండుతుంది. పడకపోతే ఇతని ఇంట్లో అప్పు మిగులుతుంది. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీరు 2025లో కుప్పం వరకు వచ్చింది. అందుకు దేవునికి వందనాలు. అయితే కాలువ వచ్చినంత మాత్రాన ప్రతి పల్లె పొలానికీ నీరు వచ్చినట్టు కాదు.

బావుల గొడవ బైబిల్‌లోనూ ఉంది. ఇస్సాకు కాలంలో దేశంలో కరవు వచ్చింది. అయినా ఐగుప్తుకు వలస పోకుండా దేవుడు చెప్పిన చోటే నిలిచి విత్తాడు, నూరంతలు పండించాడు. అది చూసి ఓర్వలేక ఫిలిష్తీయులు అతని తండ్రి అబ్రాహాము నాటి బావులను మన్ను పోసి పూడ్చేశారు. ఇస్సాకు ముందు ఆ పాత బావులనే తిరిగి తవ్వించాడు, తండ్రి పెట్టిన పేర్లే వాటికి పెట్టాడు. ఆ తర్వాత కొత్త బావి తవ్వితే జగడం వచ్చింది, దానికి ఏశెకు అని పేరు. మరొకటి తవ్వితే పగ రేగింది, అది శిట్నా. మూడోదాని కోసం ఎవరూ కొట్లాడలేదు. అందరికీ ఎడం దొరికిందని దానికి రహెబోతు అన్నాడు (ఆది. 26:12-22). ఈ అధ్యాయాన్ని మన పడమటి మండలాల్లో చదివితే వ్యాఖ్యానం అక్కర్లేదు.

మనకూ తండ్రులు తవ్విన బావులున్నాయి. 1863లో జేకబ్ చేంబర్లేన్ అనే అమెరికన్ మిషనరీ మదనపల్లెకు వచ్చాడు. ఆయన బోధకుడే కాదు, వైద్యుడు కూడా. ఒక చేత్తో సువార్త, మరో చేత్తో మందుల పెట్టె పట్టుకుని పల్లెలు తిరిగాడు. 1908లో ఈ మదనపల్లెలోనే కన్నుమూశాడు. ఆ తర్వాత స్త్రీల కోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి లేచింది. క్షయ అంటే మరణమేనని ఊరంతా రోగికి దూరంగా జరిగే రోజుల్లో, 1912లో పలు మిషన్లు పేరు భేదాలు పక్కన పెట్టి కలిసి శానిటోరియం ప్రారంభించాయి. అదే మన ఆరోగ్యవరం. దానికి సారథ్యం వహించిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ డెన్మార్క్ దేశస్థుడు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా పని మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. ఎక్కడి డెన్మార్క్, ఎక్కడి మదనపల్లె! సముద్రాలు దాటి వచ్చినవారికి మన పల్లెవాడి దగ్గు వినిపించింది. పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న మనకు వినిపించడం లేదు.

ఈ బావులను ఏ ఫిలిష్తీయులూ పూడ్చలేదు. మనమే పూడ్చుకుంటున్నాం. పట్టణాల్లో మందిరాలు పెద్దవయ్యాయి, సౌండ్ సిస్టములు వచ్చాయి, వార్షికోత్సవాల ఫ్లెక్సీలు వెలిశాయి. వాటిలో తప్పేమీ లేదు. కానీ పల్లె సంఘం మన లెక్కల్లో ఒక ‘ఫీల్డు’గా మిగిలిపోయింది. ఏడాదికొకసారి చూసి వచ్చే స్థలమైంది. మేమూ అదే చేశాం కాబట్టే ధైర్యంగా రాస్తున్నాం. ఒంటి మీద బట్ట, ఆ పూటకు తిండి లేని సహోదరునికి చల్లని మాట చెప్పి పంపితే ఏమి ప్రయోజనమని యాకోబు అడిగాడు (యాకోబు 2:15-16). దుప్పటి ఇచ్చాం గదా అని మనం అనుకోవచ్చు. ఆమె అడిగింది దుప్పటి కాదు, మళ్లీ ఎప్పుడొస్తారని.

మరి ఏమి చేయాలి? శానిటోరియంలో చేర్చినా, ఇంటి దగ్గరే మందులిచ్చినా క్షయ ఒకేలా నయమవుతుందని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో తేల్చింది. అంటే ఇప్పుడు రోగి ఇల్లే ఆరోగ్యవరం. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు ఐదు వందలు, 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలు కేంద్రం ఇస్తోంది. సాధారణంగా ఆరు నెలలు మందులు ఆపకుండా వాడాలి. రెండు నెలలకు దగ్గు తగ్గగానే కూలికి పోయి మందు మానేసేవారే ఎక్కువ ప్రమాదంలో పడతారు. అటువంటి ఇంటికి వారానికోసారి వెళ్లి, మందు వేసుకున్నావా అని అడిగే విశ్వాసి ఒక్కడుంటే చాలు. అందుకు విదేశీ నిధులు అక్కర్లేదు, ఒక పూట తీరిక చాలు.

అలాగే మన సంఘాల్లో భూములున్నవారున్నారు, టమాటా మండీల్లో వ్యాపారం చేసేవారున్నారు. కోతకు వచ్చిన స్త్రీల కూలి ఆ సాయంత్రమే చేతిలో పెట్టడం వారి మొదటి పరిచర్య. బిగబట్టిన కూలి దేవుని చెవిన మొరపెడుతుందని యాకోబే హెచ్చరించాడు (5:4). బెంగళూరు నుంచి తండ్రి తిరిగొచ్చేదాకా పిల్లలను సాయంత్రం మందిరంలో కూర్చోబెట్టి చదివించవచ్చు. కొత్త బోరుకు అప్పు చేసే ముందు నలుగురు రైతులు కలిసి ఉన్న నీటిని వంతులుగా పంచుకోవచ్చు, పూడిపోయిన కుంట పూడిక తీయవచ్చు. జగడం లేని బావే రహెబోతు. అది వెయ్యి అడుగుల లోతున దొరకదు, పక్కవాడికి కాస్త చోటిచ్చే మనసులో దొరుకుతుంది.

ప్రియులారా, పట్టణ సంఘం ప్రతి ఒక్కటీ ఒకే ఒక్క పల్లెను ఎంచుకోవాలని మా మనవి. పది పల్లెలు తిరిగి పది ఫొటోలు దిగడం కన్నా, ఒక్క పల్లెకు పదేళ్లు వెళ్లడం మేలు. యేసుప్రభువు పట్టణాలతో పాటు గ్రామాలన్నీ తిరిగాడని మత్తయి రాశాడు (9:35). ఆయన పెరిగిన నజరేతు కూడా చిన్న ఊరే. మన మధ్యకు వచ్చిన దేవుడు ఒక పూట చూసి వెళ్లలేదు, అక్కడే ముప్పై ఏళ్లు బతికాడు.

ఆ వృద్ధురాలి ప్రశ్నకు మేము ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పుకుంటున్నాం. క్రిస్మస్ దాకా ఆగం తల్లీ, వచ్చే వారమే వస్తాం. చెప్పినంత సులువు కాదని తెలుసు. అందుకే పత్రికాముఖంగా చెబుతున్నాం. రాకపోతే మమ్మల్ని అడగండి.