న్యాయానికి రెండు తూనికరాళ్లు ఉండవు

ఇటీవల ఒక జుమా నాడు నమాజు ముగిసిన పిమ్మట మస్జిదు ఆవరణలో కూర్చుని ఉండగా ఒక యువకుడు 'గే గేమ్స్' ప్రస్తావన తెచ్చాడు. స్వలింగ ప్రియులు, ట్రాన్స్‌జెండర్ క్రీడాకారులు నాలుగేళ్లకొకసారి జరుపుకునే అంతర్జాతీయ క్రీడా సాంస్కృతిక సమ్మేళనమది. 2023 నవంబరులో హాంగ్‌కాంగ్‌లో జరిగిన ఆ క్రీడలు జాతీయ భద్రతకు ముప్పు అని అక్కడి శాసనసభ్యులు కొందరు ఆరోపించారని అతడు చెప్పాడు. "మంచి మాటే అన్నారు" అని పెద్దలొకరు తృప్తిగా తల ఊపారు. మరికొందరు వంత పాడారు.

ఆ తృప్తిలో మేము పాలుపంచుకోలేకపోయాం. 'జాతీయ భద్రత' అనే మాట వినగానే ఉలిక్కిపడవలసిన వారం మనం. ఆ రెండు మాటల చాటున ఎందరు అమాయక ముస్లిం యువకులు ఏళ్ల తరబడి విచారణ ఖైదీలుగా మగ్గి, చివరకు నిర్దోషులుగా తేలి, పోయిన యౌవనంతో ఇళ్లకు తిరిగి వచ్చారో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. అదే ఆయుధం మరొకరి మీదికి ఎక్కుపెట్టినప్పుడు మనం చప్పట్లు కొట్టడమా?

ఒక మాట స్పష్టం చేయాలి. స్త్రీ పురుష సంబంధాల విషయంలో మన ధర్మం ఏమి బోధిస్తుందో మాకు తెలుసు. ఆ బోధనను సవరించమని ఎవరినీ కోరడం లేదు. అయితే ఒక నడవడిని ఆమోదించకపోవడం వేరు. ఆ నడవడి గలవారిని చట్టం తన రక్షణ నుండి గెంటివేయడం వేరు. మొదటిది మన విశ్వాసానికి సంబంధించినది. రెండవది అన్యాయం. ఈ రెంటినీ కలగాపులగం చేయడమే మనవారు చేస్తున్న పొరపాటు.

ఆ క్రీడల పుట్టుకనే చూడండి. వాటిని స్థాపించిన టామ్ వాడెల్ వైద్యుడు. 1968 మెక్సికో ఒలింపిక్స్ డెకాథ్లాన్‌లో ఆరవ స్థానం పొందిన అమెరికా క్రీడాకారుడు. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తొలి క్రీడలకు ఆయన బృందం 'గే ఒలింపిక్స్' అని పేరు పెట్టుకుంది. ప్రారంభానికి మూడు వారాలైనా లేదనగా అమెరికా ఒలింపిక్ కమిటీ ఆ పదం వాడరాదని కోర్టు ఉత్తర్వు తెచ్చింది. 1978 నాటి చట్టం ద్వారా అమెరికా కాంగ్రెసు ఆ పదంపై సర్వహక్కులూ కమిటీకే కట్టబెట్టింది. అచ్చయి సిద్ధంగా ఉన్న సామగ్రి మీద ఆ పదాన్ని చెరిపివేయవలసి వచ్చింది. అయినా క్రీడలు ఆగలేదు. సుమారు 1,350 మంది పాల్గొన్నారు.

"చట్టం చట్టమే కదా" అంటారు కొందరు. సర్కారు కొలువులో జీవితమంతా ఫైళ్ల నడుమ గడిపినవారం. నిబంధన ఎలా నడుస్తుందో మేమెరుగుదుం. నిబంధన ఒకటే, కానీ ఒకరి ఫైలు మీద అది నిద్రపోతుంది, మరొకరి ఫైలు మీద మేలుకుంటుంది. అమెరికాలో జరిగిందీ అదే. స్పెషల్ ఒలింపిక్స్‌కు ఆ పేరు వాడుకొనే అనుమతి ఉంది. పోలీసుల ఒలింపిక్స్ వంటివి కూడా ఆ పేరుతోనే నడిచాయి. వీరి వంతు వచ్చేసరికి మాత్రం చట్టం కళ్లు తెరిచింది.

ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1987 జూన్ 25న తీర్పు వెలువడింది. కమిటీ వివక్ష చూపిందన్న వాదనను కోర్టు అయిదుగురికి నలుగురు తేడాతో తోసిపుచ్చింది. కారణం ఏమిటి? వివక్ష లేదని తేల్చి కాదు. కమిటీ ప్రభుత్వం కాదు గనుక, రాజ్యాంగంలోని సమానత్వ సూత్రం దానికి వర్తించదని! అధికారం ఇచ్చింది ప్రభుత్వం, జవాబుదారీ మాత్రం ఎవరూ కాదు. వ్యాజ్యం ఖర్చుల కోసం కమిటీ వాడెల్ ఇంటిని సైతం తాకట్టు బాధ్యత కిందికి తెచ్చింది. తీర్పు వచ్చిన పదహారు రోజులకు ఆయన ఎయిడ్స్ వ్యాధితో కన్నుమూశాడు. అప్పటికి వయస్సు నలభై తొమ్మిదేళ్లు.

సోదర సోదరీమణులారా, ఈ 'ప్రభుత్వం కాదు' అన్న తర్కం మన గడపలోనూ ఉంది. పేరు వినగానే ఇల్లు అద్దెకు లేదనే యజమాని చెప్పేదీ ఇదే: ఇది మా సొంత వ్యవహారం. మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావుల విషయంలో వివక్షను నిషేధించింది గాని, అద్దె ఇంటి మాట అందులో లేదు. ఆ తర్కం అక్కడ సరైనదైతే ఇక్కడ తప్పెలా అవుతుంది?

క్రీడా మైదానంలోనూ మన అనుభవం వేరు కాదు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతర్ మహిళా బాస్కెట్‌బాల్ జట్టు హిజాబ్ తీయడానికి నిరాకరించి, ఆడకుండానే వెనుదిరిగింది. 'నిబంధన' అన్నారు. ఆ నిబంధన 2017లో మారింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సు క్రీడాకారిణులకు హిజాబ్ కూడదన్నారు. 'లౌకికత' అన్నారు. సైన్యంలో చేరనన్నందుకు 1967లో ముహమ్మద్ అలీ బాక్సింగ్ కిరీటాన్ని ఊడబెరికినప్పుడు ఆయన పక్షాన నిలిచినవారంతా ఆయన విశ్వాసాన్ని స్వీకరించినవారు కారు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన శిక్షను కొట్టివేసింది. విశ్వాసం పంచుకోనివారి న్యాయబుద్ధి మనకు అక్కరకు వచ్చినప్పుడు దానిని స్వీకరించాం. ఇవ్వవలసి వచ్చినప్పుడు లెక్కలు అడుగుతున్నాం.

"వారు మన కోసం నిలబడతారా?" అని అడుగుతారు. న్యాయం బేరసారం కాదు. ఒక జనం పట్ల గల ద్వేషం మనలను న్యాయం నుండి తప్పించరాదన్న ఆదేశం సూరహ్ మాయిదాలో ఉంది. ఆ ఆదేశానికి షరతు లేదు.

పొరుగువారి సంగతి చాలు, మన సంగతీ చెప్పుకోవాలి. హైదరాబాదు రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, హిజ్రాల పేర్లు రిజిస్టరులో నమోదు చేయాలని, స్త్రీ వేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చునని చట్టం చేశారు. అది నిజాం పాలనలో, మన పెద్దల కళ్లెదుట వచ్చిన చట్టం. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసేవరకు పుస్తకాల్లోనే ఉంది. మన బస్తీల్లో, మన పేర్లతోనే బతుకుతున్న ఆ మనుషుల కోసం ఇన్నేళ్లలో మన సంఘాల తీర్మానాల్లో ఒక్క వాక్యమైనా చేరిందా? మేమూ ఎన్నో తీర్మానాలు రాసిచ్చాం. మా కలం నుండీ ఆ వాక్యం రాలేదు. ఆ లోపం మాది కూడా.

షుఐబ్ (అలైహిస్సలాం) తన జాతిని హెచ్చరించింది తూనికల్లో మోసం గురించి. మన పిల్లలకు ఆ గాథ చెబుతూనే, మనకొక రాయి, ఇతరులకొక రాయి పెట్టి తూచడం తగునా? ఎవరి ఆటలకూ మనం వెళ్లనక్కరలేదు, ఎవరి జెండా మోయనక్కరలేదు. భద్రత పేరిట, నిబంధన పేరిట ఒక చిన్న సమూహం నోరు నొక్కుతున్నప్పుడు తల ఊపకుండా ఉంటే చాలు. అది అన్యాయమని పలకగలిగితే మరీ మంచిది. రేపు మన నోరు నొక్కే చేతికి ఇవాళ మన ఆమోదం సాక్ష్యం కాకూడదు.