అక్క కాఫీ, గుండె స్కానూ

పొద్దున్నే కాఫీ పడందే మా అక్కకి కాలూ చెయ్యీ ఆడవు. ఈమధ్య మెట్లెక్కుతుంటే గుండెల్లో పట్టేసినట్టుంటోందంటే డాక్టరుగారు గుండె రక్తనాళాలకి సీటీ స్కాన్ రాశారు. ముందురోజు నుంచే కాఫీ, టీ మానమన్నారు. ఆవిడగారు తెల్లారకుండానే లేచి, ఎవరూ చూడకుండా గ్లాసుడు తాగేసింది! తీరా అక్కడికెళ్ళాక చూస్తే నాడి 84. మాత్ర ఇచ్చి గంటసేపు కూర్చోబెట్టారు. (ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ మాత్ర వేసుకోకముందే చెప్పాలి సుమండీ.)

"ఒక్క కాఫీకి ఇంత రాద్ధాంతమా?" అని అక్క విసుక్కుంటే, స్కాన్ తీసే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. గెంతుతున్న పిల్లాణ్ణి ఫొటో తీస్తే అలుక్కుపోయినట్టు వస్తుంది కదా, గుండే అంతేనట. నిమిషానికి 60 దరిదాపుల్లో కొట్టుకుంటుంటే మధ్యమధ్య కాస్త నిలకడ దొరుకుతుంది. ఈసీజీ చూసుకుంటూ మిషను ఆ కాసేపే ఎక్స్‌రేలు వదులుతుంది. గుండె పరుగెడుతుంటే ఇంకా ఎక్కువసేపు వదలాలి. ఆ మేరకి రేడియేషన్ పెరిగినట్టేగా!

"అయితే బాగా తగ్గించేసి తియ్యండి" అన్నాన్నేను తెలివిగా. మరీ తగ్గిస్తే బొమ్మ మీద బొంబాయిరవ్వ చల్లినట్టు ఉంటుందట. సన్నటి నాళంలో అడ్డుందో లేదో తేలదు. మళ్ళీ తియ్యాలి, లేదా చేతిలోంచో తొడలోంచో గొట్టం పంపి చూడాలి. ఇక తగ్గించి ఏం లాభం? సన్నగా ఉన్నవాళ్ళకి తక్కువ సరిపోతుంది, ఒళ్ళున్నవాళ్ళకి పెంచాలి. ఆ మాట నన్ను చూసే అంది లెండి! అందుకని బరువు అడిగితే దాచకండి.

2007లో చాలా దేశాల ఆసుపత్రుల్లో లెక్క చూస్తే ఈ స్కాన్‌కి సుమారు 12 మిల్లీసీవర్టులు పడేదట. 2017లో చూస్తే 3 లోపుకి దిగింది. అయినా పనికిరాని బొమ్మలు పెరగలేదు. మట్టి, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 ఎలాగూ అందుతూనే ఉంటుంది. అలాగని ఊరికే తీయించుకునేది కాదు. ఆ కిరణాల దారిలో మన రొమ్ములూ ఉంటాయి. గర్భం అనుమానమున్నా, కిడ్నీ జబ్బున్నా, అయోడిన్ మందు పడకపోయినా ముందే చెప్పాలి. ఊపిరి బిగపట్టమన్నప్పుడు కదలకూడదు. ఇంట్లో రెండుమూడుసార్లు బిగపట్టి చూసుకుంటే అక్కడ కంగారుండదు.

గంటయ్యాక అక్క నాడి 62కి వచ్చింది. బొమ్మ స్పష్టంగా పడింది. ఒక నాళం కొంచెం సన్నబడిందన్నారు. మందులు వాడుతోంది. కాఫీ సంగతి నేనడగలేదు.