కే2-18బి గ్రహంపై జీవం ఉందా..? ‘3 సిగ్మా’ వెనక అసలు కథ ఏంటంటే..!

భూమి అవతల జీవం ఉందనడానికి ఆధారం దొరికిందంటూ 2025 ఏప్రిల్‌లో ప్రపంచమంతా హోరెత్తింది. టీవీల్లో, యూట్యూబ్‌లో నీలి సముద్రాలతో మెరిసే ఓ గ్రహం బొమ్మ తెగ తిరిగింది. అది ఫొటో కాదు, చిత్రకారుల ఊహ. ఆ గ్రహాన్ని అలా కళ్లారా చూసిన టెలిస్కోప్ ఇప్పటిదాకా లేదు. మరి శాస్త్రవేత్తలు చూసిందేంటి? ఆ ప్రకటన తర్వాత మొదలైన గొడవ ఎక్కడిదాకా వచ్చింది?

గ్రహం పేరు కే2-18బి. సింహరాశి వైపు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే మనకు ఇప్పుడు అందుతున్న వెలుగు అక్కడ బయల్దేరింది 1900 ప్రాంతంలో. భూమి కంటే 2.6 రెట్లు పెద్దది, 8.6 రెట్లు బరువైనది. కెప్లర్ టెలిస్కోప్ దీన్ని 2015లో గుర్తించింది. ఎర్రగా, మసక మసగ్గా వెలిగే ఓ చిన్న నక్షత్రం చుట్టూ 33 రోజులకోసారి తిరిగొస్తుంది. నీళ్లు ద్రవంగా ఉండటానికి వీలున్న దూరంలో ఉండటమే దీని ప్రత్యేకత.

ఏప్రిల్‌లో ప్రకటన చేసింది కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రొఫెసర్ నిక్కు మధుసూదన్ బృందం. ఆయన మనవాడే. వారణాసి ఐఐటీ-బీహెచ్‌యూలో చదివి, అమెరికాలోని ఎంఐటీలో పీహెచ్‌డీ చేశారు. హైడ్రోజన్ వాతావరణం కింద మహాసముద్రాలుండే గ్రహాలను ‘హైసీన్’ ప్రపంచాలని పేరు పెట్టి 2021లో ప్రతిపాదించిందీ ఆయన బృందమే. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ డేటాలో డైమిథైల్ సల్ఫైడ్ (డీఎంఎస్), లేదంటే దానికి దగ్గరి బంధువు డైమిథైల్ డైసల్ఫైడ్ జాడ కనిపించిందన్నది వాళ్ల మాట. భూమ్మీద డీఎంఎస్‌ను ఎక్కువగా తయారుచేసేది సముద్రంలోని సూక్ష్మజీవులే. సముద్రం ఒడ్డున ముక్కుకు తగిలే ఆ ప్రత్యేకమైన వాసనలో దీని వాటా కూడా ఉంది. మన గాలిలో ఇది వంద కోట్లలో ఒక వంతు కూడా ఉండదు. అక్కడేమో వేల రెట్లు ఎక్కువ ఉండొచ్చని వాళ్ల అంచనా. దీంతో సంచలనం అయింది.

బొమ్మా బొరుసా..?

గ్రహం తన నక్షత్రం ముందు నుంచి వెళ్లేటప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది. కే2-18బి విషయంలో ఆ తగ్గుదల సుమారు 0.3 శాతమే. ఆ కాస్తలోనూ గ్రహం అంచున ఉన్న పల్చటి గాలి పొర గుండా వచ్చే వెలుగు ఇంకా చాలా చాలా తక్కువ. ఒక్కో వాయువు ఒక్కో రంగు వెలుగును మింగేస్తుంది. ఏ రంగులు తగ్గాయో చూసి ఏ వాయువు ఉందో చెప్పాలి. టెలిస్కోప్ పరికరం సొంత రొద కూడా ఆ డేటాలో కలిసిపోయి ఉంటుంది.

ఇక్కడే ‘3 సిగ్మా’ వస్తుంది. నిజంగా ఏమీ లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా అలాంటి సంకేతం కనిపించే అవకాశం 0.3 శాతమని దానర్థం. నాణెం ఎగరేస్తే వరసగా 8 సార్లు బొమ్మే పడటం లాంటిదన్నమాట. అరుదే కానీ అసాధ్యమేం కాదు. పైగా ఊళ్లో వాళ్లంతా కూర్చుని నాణేలు ఎగరేస్తుంటే ఎవరో ఒకరికి పడనే పడుతుంది. అందుకే ‘కనిపెట్టాం’ అని గట్టిగా చెప్పాలంటే 5 సిగ్మా కావాలంటారు. వరసగా 20, 21 సార్లు బొమ్మ పడటంతో సమానం అది. అక్కడికి చేరడానికి జేమ్స్ వెబ్‌తో ఇంకో 16 నుంచి 24 గంటలు చూస్తే చాలని మధుసూదన్ బృందమే చెప్పింది. అంటే ఇంకా చేరలేదని వాళ్లకూ తెలుసు. మన హెడ్‌లైన్లకే తెలియలేదు.

డేటా అందరికీ అందుబాటులో ఉండటంతో ఎక్కువ రోజులు ఆగాల్సిన పని లేకపోయింది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన జేక్ టేలర్ అదే డేటాను తీసుకుని సింపుల్‌గా ఓ ప్రశ్న వేశారు.. ఇందులో ఎగుడుదిగుళ్లు నిజంగా ఉన్నాయా, లేక ఓ సాదా గీత గీసినా సరిపోతుందా? గీతే సరిపోతోందని తేలింది. ఇంకో బృందం ఈ లెక్కలో కలిపిన వాయువుల జాబితానే ప్రశ్నించింది. మొదటి పేపర్లో చూసింది 20 రకాలే. సుమారు 90 వాయువులతో మళ్లీ లెక్కేస్తే డీఎంఎస్ ఒక్కటే కాదు, ఇంకా చాలా వాయువులు ఆ డేటాకు సరిపోయాయి. దీనికి జవాబుగా మధుసూదన్ బృందం 650 రకాలతో మళ్లీ లెక్కేసి, డీఎంఎస్ ఇంకా బలమైన అభ్యర్థేనని వాదించింది. కానీ అనుమానితుల సంఖ్య పెరిగాక వాళ్లలో ఒకరిని పట్టుకుని ‘వీడే’ అనడం కష్టం. ఈ విషయంలో విమర్శకుల వాదనే బరువుగా ఉంది.

సరే, డీఎంఎస్ ఉందనే అనుకుందాం. అది జీవం పనేనా? మన సౌరకుటుంబంలోని 67పీ తోకచుక్కలోనూ డీఎంఎస్ దొరికింది. రొసెట్టా వ్యోమనౌక తెచ్చిన సమాచారంలోంచి బయటపడిన సంగతి ఇది. తోకచుక్క మీద చేపలేం ఈదట్లేదు కదా! ల్యాబ్‌లో కూడా, జీవం ప్రమేయం లేకుండానే, వాయువుల మిశ్రమంపై కాంతి ప్రసరింపజేసి దీన్ని తయారుచేసి చూపించారు. ఇక సముద్రం సంగతి. అసలు ఈ గ్రహానికి నేలా నీరూ ఉన్నాయో లేదో కూడా తేలలేదు. అక్కడున్నది నీటి సముద్రం కాదు, కరిగిన రాతి సముద్రం కావొచ్చని 2024లో అదే కేంబ్రిడ్జికి చెందిన వేరే శాస్త్రవేత్తలు లెక్కలు చూపారు.

ఈ గ్రహం విషయంలో ఇది మొదటిసారీ కాదు. 2019లో హబుల్ టెలిస్కోప్ డేటాతో రెండు బృందాలు ఇక్కడ నీటి ఆవిరి ఉందన్నాయి. అప్పుడూ ఇలాగే సందడి. 2023లో జేమ్స్ వెబ్ వచ్చి చూస్తే నీటి ఆవిరి జాడ కనిపించలేదు, మీథేన్ దొరికింది. హబుల్ చూసిన ఆ రంగుల్లో నీటి ఆవిరి, మీథేన్ దాదాపు ఒకేలా కనిపిస్తాయి మరి. 2020లో శుక్రగ్రహంపై ఫాస్ఫీన్ అన్నారు, ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

మరి అసలు దొరికిందేంటి?

ఈ గొడవలో పక్కకు పోయిన విషయం ఒకటుంది. మీథేన్, కార్బన్ డయాక్సైడ్. ఈ రెండూ కే2-18బి వాతావరణంలో ఉన్నాయని 2023లో చెప్పారు, తర్వాతి పరిశీలనల్లోనూ అదే గట్టిపడింది. జీవం సంగతి పక్కన పెట్టినా ఇది చిన్న విషయం కాదు. భూమికీ నెప్ట్యూన్‌కూ మధ్య సైజులో ఉండే ఇలాంటి గ్రహాలు మన గెలాక్సీలో కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. మన సౌరకుటుంబంలో మాత్రం అలాంటిది ఒక్కటీ లేదు. లోపల నీళ్లున్నాయా, రాయి ఉందా, గ్యాసేనా.. దగ్గరికెళ్లి చూద్దామంటే పక్కింట్లో కూడా లేదు. నక్షత్రం ముందు నుంచి వెళ్లే ఆ కొద్ది గంటల్లో వచ్చే వెలుగే దిక్కు. పదేళ్ల కిందట ఇంత చిన్న, ఇంత చల్లని గ్రహం గాలిలో ఏముందో చెప్పడం సాధ్యమయ్యే పని కాదు. 2021 క్రిస్మస్ రోజున నింగికెగిరిన జేమ్స్ వెబ్ వల్లే ఇది సాధ్యమైంది.

ఇకపై కూడా ఇలాంటి ప్రకటనలు వస్తూనే ఉంటాయి. అప్పుడు చూడాల్సినవి మూడే. సిగ్మా ఎంత? వేరే బృందం అదే డేటాతో లెక్కేస్తే అదే జవాబు వచ్చిందా? జీవం లేకుండా అది తయారయ్యే దారి ఉందా? కే2-18బి డీఎంఎస్ విషయంలో మొదటిదానికి జవాబు 3, రెండోదానికి రాలేదు, మూడోదానికి ఉంది.