విద్యుత్ విమానానికి మంచు గండం

అమెరికా కంపెనీ బీటా తయారుచేసే ‘ఆలియా’ విద్యుత్ విమానాన్ని కొంటామని ఎయిర్ న్యూజిలాండ్ 2023 డిసెంబరులో ప్రకటించింది. ముందు సరుకు రవాణాకు, వెల్లింగ్టన్, మార్ల్‌బరో స్థావరాలుగా నడపాలన్నది ఆలోచన. బ్యాటరీ ఎంత దూరం తీసుకెళ్తుందన్న చర్చే ఎక్కువగా జరుగుతోంది. శీతాకాలపు మేఘాల్లో రెక్కకు మంచు పడితే దాన్ని వదిలించే శక్తి ఎక్కడిదన్న ప్రశ్న అంతగా వినిపించదు.

మేఘాల్లో సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులుంటాయి. రెక్క తగలగానే అవి గడ్డకట్టి అతుక్కుంటాయి. బరువు పెరగడం ఒక్కటే ఇబ్బంది కాదు. రెక్క ఆకారం మారి, విమానాన్ని పైకి లేపే బలమే తగ్గిపోతుంది. 2003 అక్టోబరు 3 రాత్రి క్రైస్ట్‌చర్చ్ నుంచి పామర్‌స్టన్ నార్త్ వెళ్తున్న కన్వెయిర్ 580 సరుకు విమానం కాపిటి తీరంలో సముద్రంలో కూలి, పైలట్లిద్దరూ చనిపోయారు. దర్యాప్తులో వేలెత్తి చూపింది మంచువైపే. 1994లో అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్ 72 కూలి 68 మంది మరణించారు. 2024 ఆగస్టులో బ్రెజిల్‌లో మరో ఏటీఆర్ 72 కూలి 62 మంది పోయారు. అదీ తీవ్రంగా మంచు పట్టే వాతావరణంలో ఎగిరినట్టు ప్రాథమిక నివేదిక చెప్పింది.

మనం నెల్సన్‌కో, నేపియర్‌కో వెళ్లేటప్పుడు ఎక్కేవి ఏటీఆర్ 72-600, క్యూ 300 విమానాలే. అలాగని బెంబేలెత్తక్కర్లేదు. రోజ్‌లాన్ తర్వాత ఏటీఆర్ రెక్కల మీది రబ్బరు బూట్లను మరింత వెనక్కి పొడిగించారు. ఇంజిన్ నుంచి వచ్చే గాలితో ఆ బూట్లు ఉబ్బి మంచును పగలగొడతాయి.

విద్యుత్ విమానానికి ఆ గాలి దొరకదు. మంచు కరిగించడానికి వాడే ప్రతి యూనిట్ కరెంటూ ప్రయాణ దూరంలోంచి కోసుకున్నదే. అందుకే పరిశోధకుల చూపు మంచు అంటుకోని పూతల మీద పడింది. మామూలు అల్యూమినియం మీద మంచును జరపాలంటే వందల కిలోపాస్కల్స్ బలం కావాలి. 100 కిలోపాస్కల్స్ అంటే చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు మోపినంత. అంతకంటే తక్కువ బలానికే మంచును వదిలేసే పదార్థాలు ప్రయోగశాలల్లో తయారయ్యాయి. తామరాకులా నీటిని జార్చేదల్లా మంచునూ జారుస్తుందనుకుంటే పొరపాటే. ఆ సన్నని గరుకులోకి తేమ చేరి గడ్డకడితే మంచు మరింత గట్టిగా పట్టుకుంటుంది.

అసలు చిక్కు మన్నికతో. వేగంగా తగిలే వాన చినుకులు, ఇసుక, పురుగులు పూతను అరగదీస్తాయి. ‘ల్యాబ్‌లో పనిచేసింది’ అన్న మాటకు ఎంత విలువో మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. నా అంచనాలో పూత ఒక్కటే సరిపోదు. మంచు పట్టు సడలించడానికి పూత, మిగిలింది వదిలించడానికి రెక్క అంచున కొద్దిపాటి వేడి, రెండూ కలిసి పనిచేయాలి.

రేపు ప్రయాణికుల విద్యుత్ విమానం వస్తే టికెట్ ధర, చార్జింగ్ సమయంతోపాటు ఇదీ అడగాలి: మంచు పట్టే మేఘాల్లో ఎగరడానికి దానికి ధ్రువీకరణ ఉందా, లేక జూలైలో మబ్బు పట్టిన రోజుల్లో సర్వీసు రద్దేనా?