నడుము ఎక్కడ ఉంది?

ఈ నెల ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. నడుము అంటే ఏది? చేత్తో చూపించండి.

శనివారం గుడిలో మన తెలుగు క్లాసు పిల్లల్ని ఇదే అడిగాను. కొందరు వీపు కింది భాగం చూపించారు. కొందరు బెల్టు పెట్టుకునే చోటు చూపించారు. ఒక అమ్మాయి మాత్రం రెండు చేతులతో పొట్ట, వెన్ను చుట్టూ పట్టుకుని "ఇదంతా, టీచర్" అంది. ఆ అమ్మాయి చెప్పిందే సరి. ఇంగ్లీషులో వెనక భాగానికి ఒక మాట, చుట్టుకొలతకి ఇంకో మాట. తెలుగులో రెండూ నడుమే. "నడుమ" అంటే మధ్య అని మనం ఇంతకు ముందే నేర్చుకున్నాం. ఒంటికి మధ్యలో ఉన్నది నడుము.

నడుము అంటే వెనక భాగం ఒక్కటే కాదని నాకు యాభై దాటాక, నొప్పి వచ్చాక అర్థమైంది.

పోయిన ఏడాది నవంబరు మొదట్లో జరిగింది. నవంబరంటే టీచర్లకి పరీక్ష పేపర్లు. పొద్దున్నే కారు వెనక నుంచి పేపర్ల పెట్టె తీయబోయాను. మోకాళ్లు వంచలేదు, వెన్ను వంచాను. లోపల ఏదో టక్కుమంది. అంతే, నిటారుగా నిలబడలేకపోయాను. నిటారుగా అంటే వంగకుండా, తిన్నగా. అందరూ ఒకటే మాట: "పడుకో, కదలకు." ఎనిమిది రోజులు మంచం మీదే ఉన్నాను. అక్క నూనె రాసింది. ఫార్మసీలో నడుం బెల్టు కొన్నాను. (బిల్లు చూసినప్పుడు కూడా నొప్పి పుట్టింది.)

తర్వాత 16వ తేదీ వచ్చింది. 1860లో ఆ రోజే ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. గుడిలో పెద్దల్ని తలచుకుంటాం కదా, నేనూ వెళ్లి అందరితోపాటు నేల మీద కూర్చున్నాను. హారతికి అందరూ లేచారు, నేను లేవలేకపోయాను. నా దగ్గర చదువుకున్న ఇద్దరు అబ్బాయిలు చంకల్లో చేతులు వేసి లేపారు. పక్కనే ఎనభై దాటిన ఒక పెద్దావిడ నేలకి చెయ్యి ఆనించి తనంతట తనే లేచింది. నన్ను చూసి "ఏం టీచర్, నడుం పట్టేసిందా?" అంది. సిగ్గుతో తల దించుకున్నాను. ఇకమీదట క్లాసులో కుర్చీ వేసుకోవాలేమో, పిల్లలతో చాప మీద కూర్చోవడం అయిపోయిందేమో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా అవ్వ చెరుకు తోటలో పనిచేసింది. చెరుకులో తీపి మొదట్లోనే ఎక్కువ. అందుకే గడని నేలకి దగ్గరగా నరకాలి, అంటే రోజంతా వంగి ఉండాలి. పనికి వెళ్లే ముందు అవ్వ పాత చీర ముక్క నడుముకి గట్టిగా చుట్టుకునేది. దాన్నే "నడుం బిగించడం" అంటాం. ఇప్పుడు ఏ పనికైనా సిద్ధపడితే ఆ మాట వాడుతున్నాం. సాయంత్రం ఇంటికి వచ్చి "కాస్త నడుం వాలుస్తా" అనేది, అంటే కాసేపు పడుకుంటానని. చివరి ఏళ్లలో అవ్వ వెన్ను వంగిపోయింది. పాతకాలం వాళ్లు ఉక్కు మనుషులు, మనమే మెత్తనివాళ్లం అని ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. వాళ్ల నడుముకి విశ్రాంతి దొరకలేదు. మన నడుముకి పని దొరకడం లేదు.

నన్ను చూసిన ఫిజియోథెరపిస్టు పెళ్లి టెంటు గుర్తు తెచ్చుకోమంది. మధ్యలో గుంజ ఉంటుంది, చుట్టూ తాళ్లు కడతారు. ఒక తాడు వదులైతే గుంజ వాలిపోతుంది. మన వెన్నెముకే ఆ గుంజ, చుట్టూ ఉన్న కండరాలే తాళ్లు. పొట్ట ముందు కండరాలు, పక్కల కండరాలు, వెన్నుని అంటిపెట్టుకున్న చిన్న కండరాలు, పైన ఊపిరి తీసే కండరం, కింద కటి భాగపు కండరాలు, అన్నీ కలిసి పట్టుకోవాలి. ఇంగ్లీషులో దీన్నే కోర్ అంటారు. నా మటుకు నాకు, క్లాసులో ఆ అమ్మాయి చూపించిన నడుము అదే.

కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్ను మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ మూడు కసరత్తులు చెప్పారు. నాకు నేర్పినవి అవే. చాప వేసుకుని చదవండి.

మొదటిది. వెల్లకిలా పడుకోండి, అంటే ముఖం పైకి. ఒక మోకాలు మడవండి, రెండో కాలు చాపండి. రెండు చేతులూ నడుము కింద పెట్టండి. తల, భుజాలు నేల నుంచి కొంచెమే ఎత్తండి. బడిలో చేయించిన సిటప్స్ లాగా పూర్తిగా లేవకూడదు. అలా వంగి వంగి లేస్తే వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద ఒత్తిడి పడుతుంది.

రెండోది. పక్కకి తిరిగి, మోచేయి, మోకాళ్లు ఆనించి తుంటిని పైకి ఎత్తండి. రెండు వైపులా చేయాలి. నాకు అన్నిటికంటే కష్టం ఇదే, ఇప్పటికీ తిట్టుకుంటూనే చేస్తాను.

మూడోది. పాకే పాపలాగా చేతులు, మోకాళ్లు నేలకి ఆనించండి. కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి చాపండి. తర్వాత ఎడమ చెయ్యి, కుడి కాలు. వీపు మీద నీళ్ల గ్లాసు ఉందనుకోండి, అది ఒలకకూడదు.

ఏదైనా పది సెకన్లకు మించి పట్టి ఉంచక్కర్లేదు. ఊపిరి మాత్రం బిగబట్టకండి. నేను ఆరు సార్లు చేసి, ఆగి నాలుగు, మళ్లీ ఆగి రెండు చేస్తాను. నిద్ర లేవగానే చేయను. రాత్రి డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే లేచిన మొదటి గంటలో ముందుకి వంగకపోతే మంచిది. నా పెట్టె సంగతి కూడా పొద్దున్నే జరిగింది మరి. వీటితోపాటు రోజూ నడవండి. నేను ఎనిమిది రోజులు కదలకుండా పడుకోవడమే తప్పని తర్వాత తెలిసింది.

బరువు ఎత్తేటప్పుడు తుంటి, మోకాళ్ల దగ్గర వంగండి. బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకోండి. నొప్పి కాలిలోకి పాకుతుంటే ముందు డాక్టరుకి చూపించి, తర్వాతే కసరత్తు. కాళ్ల మధ్య తిమ్మిరి వచ్చినా, కాళ్లలో బలం పోతున్నా, మూత్రం ఆపుకోలేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, తెల్లారేదాకా ఆగకండి.

ఇప్పుడు క్లాసులో మళ్లీ చాప మీదే కూర్చుంటున్నాను. లేచేటప్పుడు ఒక చెయ్యి మోకాలి మీద వేసి "అమ్మా" అంటాను. పిల్లలు అందరూ కలిసి "అమ్మా" అంటారు.